ఏ వచనమూ దాటకుండా

మా అమ్మకి చూపు ఒక్కరోజులో పోలేదు. ముందు పేపర్లో చిన్న అక్షరాలు పోయాయి. తర్వాత బియ్యంలో రాళ్ళు కనపడ్డం మానేశాయి. ఆ తర్వాత బస్సు మీద ఊరి పేరు. ఇరవయ్యేళ్ళ షుగరు జబ్బు కంటి లోపలి రెటీనాని కొంచెం కొంచెంగా తినేసింది. లేజరు చేశారు. కంట్లో ఇంజక్షన్లు ఇచ్చారు. 2021 చివర్లో డాక్టరు, ఉన్న చూపు నిలబెట్టుకోవడమే తప్ప పోయింది తిరిగి రాదని చెప్పేశాడు. ఆస్పత్రి నుంచి ఆటోలో వస్తూ అమ్మ ఒక్క మాటే అంది.

"అయితే ఇంక వాక్యం నువ్వే చదవాల."

నా గుండెల్లో రాయి పడింది. అప్పటికి నేను బైబిలు తెరిచి ఏడేళ్ళు.

మాది ఒంగోలు దగ్గర పల్లె. ఊరు కాదు, ఊరి పక్కన పల్లె. చదివేవాళ్ళకి ఆ తేడా చెప్పనక్కర్లేదు. అమ్మ ఏడో తరగతి దాకా మిషను బోర్డింగులో చదివింది. తర్వాత సాంఘిక సంక్షేమ హాస్టల్లో వంటమనిషిగా చేసింది. తెల్లారి ఐదున్నరకి హాస్టల్లో పొయ్యి వెలిగించాలి. అందుకని నాలుగింటికే లేచి, మొహం కడుక్కుని, దీపం బుడ్డి దగ్గర, తర్వాత తర్వాత నలభై క్యాండిళ్ళ బల్బు కింద, అరగంట బైబిలు చదువుకునేది. నాన్న దేనికైనా కేకేసే మనిషి. నీళ్ళు ఇవ్వలేదని, చొక్కా ఉతకలేదని. కానీ ఆ అరగంట మాత్రం కేకేసేవాడు కాదు. దేవుని వాక్యం చదువుతున్న మనిషిని లేపడానికి ఆయనకి కూడా భయం. వర్జీనియా వూల్ఫ్ రాసిన సొంత గది గురించి ఎమ్మేలో పాఠంగా చదువుకున్నప్పుడు నాకు గది గుర్తు రాలేదు, ఆ అరగంట గుర్తొచ్చింది. మా ఇంట్లో గదులే లేవు. అమ్మకి ఉన్నదల్లా ఆ సమయమే.

అమ్మకి ముందు అమ్మమ్మ. ఆమె బడికి వెళ్ళలేదు. రాత్రిపూట పల్లెకి వచ్చిన ఒక బైబిలు స్త్రీ దగ్గర అక్షరాలు నేర్చుకుందట. మా ప్రాంతంలో క్రైస్తవం అనగానే చరిత్రకారులు జాన్ క్లౌ పేరు చెబుతారు. 1876-78 కరువు, బకింగ్‌హాం కాలవ పని, 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం, అన్నీ లెక్కలతో సహా చెబుతారు. చేతికర్ర పట్టుకుని, గుడ్డసంచిలో పుస్తకం పెట్టుకుని పల్లె పల్లెకీ నడిచి, ఆడవాళ్ళకి 'అ' దిద్దించిన ఆ బైబిలు స్త్రీల గురించి రాసింది చాలా తక్కువ. జేమ్స్ ఎలీషా తానేటి 2013లో వాళ్ళ మీద ఇంగ్లీషులో ఒక పుస్తకం తెచ్చినప్పుడు నేను పీహెచ్డీ మధ్యలో ఉన్నాను. అది చదువుతుంటే మా అమ్మమ్మ అక్షరాలు ఎక్కడ్నించి వచ్చాయో మొదటిసారి చరిత్రగా అర్థమయ్యింది.

ఇంకో సంగతి. 1812లో శ్రీరాంపూర్‌లో మొదటి తెలుగు సువార్తలు అచ్చయ్యాయి. అప్పట్నించి ఎన్ని సవరణలు జరిగినా, మా ఇళ్ళల్లో చదివే బైబిలు భాష ఇప్పటికీ గ్రాంథికమే. ఎమ్మే తెలుగు విద్యార్థులు తడుముకునే ఆ క్రియారూపాల్ని ఏడో తరగతి చదివిన మా అమ్మ నీళ్ళు తాగినట్టు చదివేది. ఏ కావ్యాల గుమ్మం దగ్గరికీ రానివ్వని ఆడవాళ్ళు, కావ్యభాషకి దగ్గరగా ఉన్న భాషని రోజూ నాలుగింటికి లేచి నోటితో పలికారు. మన సాహిత్య చరిత్రలు ఈ పాఠకుల్ని లెక్కలోకి తీసుకోలేదు. నేనూ తీసుకోలేదు.

ఆ పుస్తకాన్ని నేనెందుకు మూసేశానో చెప్పాలి.

2012లో నాకు పెళ్ళయింది. సంఘంలో సంబంధమే. అతను చెయ్యి చేసుకునేవాడు. నా ఫెలోషిప్ డబ్బులు పడే కార్డు అతని దగ్గరే ఉండేది. బస్సు ఛార్జీకి అడిగి తీసుకునేదాన్ని. 2014లో ఒకరోజు పుట్టింటికి వచ్చేశాను. మూడో రోజు అయ్యగారు, ఇద్దరు సంఘపెద్దలు వచ్చారు. కుర్చీల్లో కూర్చున్నారు. అయ్యగారు ఎఫెసీయులకు రాసిన పత్రిక ఐదో అధ్యాయం తీసి, భార్యలు భర్తలకి లోబడాలన్న వచనం చదివారు. గొంతు చాలా మెత్తగా ఉంది. ఓర్పు గురించి చెప్పారు. నా చెవి దగ్గర కమిలిన చోటు వాళ్ళకి కనపడుతూనే ఉంది. అమ్మ టీ ఇచ్చి, గడప దగ్గర నిలబడింది. వాళ్ళు వెళ్ళాక, "ఒక్కసారి వెళ్ళి చూడమ్మా" అంది.

వెళ్ళాను. నాలుగు నెలలున్నాను. ఆ తర్వాత ఒక బట్టల బ్యాగుతో, థీసిస్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో యూనివర్సిటీ హాస్టల్‌కి వచ్చేశాను. ఆ రోజు నుంచి బైబిలు ముట్టుకోలేదు. అమ్మతో మాట్లాడ్డం మానలేదు గానీ, ఆ రోజు గడప దగ్గర అన్న మాట గురించి ఇద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

2016లో పీహెచ్డీ వచ్చింది. నా విషయం స్త్రీల ఆత్మకథలు. చదువు నాకు అనుమానించడం నేర్పింది. ఎవరు రాశారు, ఎవరి కోసం రాశారు, ఎవరి గొంతు వినపడకుండా చేశారు అని ప్రతి పుటనీ అడగడం నేర్పింది. అది నన్ను బతికించిన చదువు. దాన్ని తక్కువ చెయ్యను.

అలాంటిదాన్ని, 2022 జనవరి 1న తెల్లారి ఐదున్నరకి తార్నాకలో మా రెండు గదుల ఇంట్లో అమ్మ ఎదురుగా కూర్చుని ఆదికాండం మొదలుపెట్టాను. మొత్తం 1,189 అధ్యాయాలు. రోజుకి మూడు, ఒక్కోరోజు నాలుగు చదివితే ఏడాదిలో అయిపోతాయి. అమ్మ పెట్టిన షరతు ఒకటే. వరసగా చదవాలి, ఏదీ దాటకూడదు. నేను పెట్టుకున్న షరతు కూడా ఒకటే. చదువుతాను, నమ్మను. ఆమెకి కళ్ళుగా ఉంటాను, అంతే. ఈ సంగతి తెలిసి ఒక స్త్రీవాద మిత్రురాలు "నువ్వు కూడానా?" అంది. అమ్మ కోసం అని సర్దిచెప్పుకున్నాను. అప్పటికి అది నిజమే.

ఐదో రోజుకి హాగరు వచ్చింది. శారయి దాసి, ఐగుప్తు స్త్రీ. యజమానురాలికి పిల్లల్లేరని ఆమె గర్భాన్ని వాడుకున్నారు. కడుపు వచ్చాక శారయి పెట్టే బాధ పడలేక అడవిలోకి పారిపోయింది. అక్కడ దేవుని దూత కనపడి, తిరిగి వెళ్ళి యజమానురాలికి లోబడి ఉండమంటాడు. నేను ఆ మాట దగ్గర ఆగిపోయాను. గొంతు పూడుకుపోయింది. 2014లో మా ఇంట్లో కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు చెప్పింది సరిగ్గా ఇదే గదా. ఇంక చదవనని పుస్తకం మూసేద్దామనుకున్నాను.

"ఆగావేంది? ఆమె దేవుడికి పేరు పెట్టుద్ది గదా, అది చదువు" అంది అమ్మ.

చదివాను. అదే అధ్యాయంలో హాగరు దేవుడికి పేరు పెడుతుంది, తనని చూసేవాడని. దేవుడికి పేరు పెట్టడం అంతకుముందు ఆ పుస్తకంలో ఎవరూ చెయ్యలేదు. ఒక బానిస, పరాయి దేశపు స్త్రీ చేసింది. రెండ్రోజుల తర్వాత ఇరవై ఒకటో అధ్యాయంలో హాగరు మళ్ళీ వచ్చింది. ఈసారి వాళ్ళే ఆమెని, పిల్లాణ్ణి వెళ్ళగొట్టారు. నీళ్ళు అయిపోయి పిల్లవాడు చచ్చిపోతాడని ఆమె ఏడుస్తుంటే దేవుడు ఆమె కళ్ళు తెరిపించి బావి చూపిస్తాడు. తిరిగి వెళ్ళమని మాత్రం ఈసారి చెప్పడు. నల్లజాతి స్త్రీల బతుకుల్లోంచి హాగరు కథని చదివిన డెలోరెస్ విలియమ్స్ పుస్తకం 1993లో వచ్చింది. దాన్ని నేను ఒక సెమినార్ పేపర్లో ఉదహరించాను కూడా. కానీ అప్పుడు నాకు కావాల్సిన అధ్యాయాలే తీసి చదివాను. పదహారు దగ్గర గొంతు పూడుకుపోయి, తెల్లవారీ, ఆ మర్నాడూ లేచి ఇరవై ఒకటి దాకా నడవడం వేరే అనుభవం. రోజూ వరసగా చదవడంలో ఉన్న గుణం నాకు అక్కడ మొదలయ్యింది. ఒక వచనం దగ్గర ఆపేసే హక్కు ఎవరికీ ఇవ్వదు అది, మనకి కూడా.

ఇది మార్చిలో నాకు ఇంకా గట్టిగా తెలిసొచ్చింది. న్యాయాధిపతులు పంతొమ్మిదో అధ్యాయం ఆరోజు వంతు. ఒక లేవీయుడి ఉపపత్ని కథ. గిబియా ఊరి మగవాళ్ళు ఇంటి చుట్టూ మూగితే అతను తనని కాపాడుకోవడానికి ఆమెని బయటికి తోసేస్తాడు. రాత్రంతా చెరుస్తారు. తెల్లారేసరికి గడప మీద చేతులు పెట్టి పడి ఉంటుంది. అతను ఆమెని పన్నెండు ముక్కలు చేసి దేశమంతా పంపిస్తాడు. ఫిలిస్ ట్రిబుల్ 1984లో రాసిన పుస్తకంలో ఈ కథ మీద ఒక అధ్యాయం ఉంది. నేను దాన్ని క్లాసులో చెప్పాను. చెప్పినదాన్నే అయినా అమ్మకి పొద్దున్నే చదివి వినిపించలేననిపించింది. పద్దెనిమిది అయ్యాక చడీచప్పుడు లేకుండా ఇరవైకి వెళ్ళిపోయాను.

రెండు వచనాలు చదివానో లేదో అమ్మ చెయ్యెత్తింది.

"ఆ లేవీయుడి ఇంటావిడ ఏది?"

నేను మాట్లాడలేదు.

"ఆమె పేరెట్టాగూ రాయలా. చదివేదన్నా చదవకపోతే ఎట్టా?"

వెనక్కి తిప్పి చదివాను. గడప దగ్గరికి వచ్చేసరికి నా గొంతు పలకలేదు, అమ్మ ఆగింది, మళ్ళీ చదివాను. రోజూ చదవడం అయ్యాక అమ్మ పది నిమిషాలు ప్రార్థన చేస్తుంది. ఆరోజు చెయ్యలేదు. "ఇదంతా నువ్వు చూశావు గదా" అని మాత్రం పైకి అంది. నాతో కాదు. తర్వాత నాకు మా పల్లెలో ఒకామె సంగతి చెప్పింది. అమ్మ చిన్నప్పుడు జొన్నచేలో జరిగింది. ఏ పేపర్లోనూ రాలేదు, ఏ కేసూ కాలేదు. ఆమె పేరు అమ్మకి తెలుసు. ప్రతి ఏడూ ఈ అధ్యాయం వచ్చిన రోజు ఆ పేరు తల్చుకుంటుందట. నలభయ్యేళ్ళుగా!

ట్రిబుల్ ఆ పుస్తకంలో చేసిన పనీ అదే. మరిచిపోయిన స్త్రీలని జ్ఞాపకం చేసుకోవడం. మా అమ్మ ఆ పుస్తకం చూడలేదు. దీపం బుడ్డి దగ్గర కూర్చుని, హాస్టలు పొయ్యి వెలిగించడానికి వెళ్ళేముందు ఆ పని చేస్తూ వచ్చింది. మా ఇంట్లో ఒక స్త్రీవాద పాఠకురాలు ఉందని తెలుసుకోవడానికి నాకు ముప్ఫై మూడేళ్ళు పట్టింది.

జూన్‌లో కీర్తనలు. అన్ని మొరలూ చివరికి స్తుతిగా మారతాయని నా ఉద్దేశం. ఎనభై ఎనిమిదో కీర్తన అలా మారదు. చీకటిలో మొదలై చీకటిలోనే అయిపోతుంది. "ఇందులో ఆశ అనేది లేదేంటమ్మా?" అన్నాను. "లేదని ఆయనకే చెప్తన్నాడు గదా. ఎవరూ లేరనుకుంటే ఎవరితో చెప్తాడు?" అంది. నమ్మకమంటే నేను అప్పటిదాకా ప్రశ్నలు మానుకోవడం అనుకున్నాను. అమ్మ చెప్పింది విన్నాక, ఫిర్యాదు చేసే హక్కుని వదులుకోకపోవడం కూడా నమ్మకమేననిపించింది.

జూలైలో సామెతలు. మొదటి అధ్యాయంలో జ్ఞానం సంతవీధుల్లో నిలబడి పిలుస్తుంది. హెబ్రీలో ఆ మాట స్త్రీలింగం. ఎనిమిదో అధ్యాయంలో లోకం పుట్టకముందే దేవుడి దగ్గర ఉన్న స్త్రీ ఆమె. తెలుగులోకి వచ్చేసరికి ఆ స్త్రీ మాయమవుతుంది. మన వ్యాకరణంలో 'వచ్చాడు' మగవాడిది. 'వచ్చింది' ఆడమనిషికీ, ఆవుకీ, బస్సుకీ ఒకటే. బహువచనంలోకి వస్తేనే మనం మనుషుల్లో కలిసి 'వచ్చారు' అవుతాం. అందువల్ల తెలుగు బైబిల్లో వీధిలో పిలుస్తున్నది మనిషో, వస్తువో క్రియని బట్టి తెలీదు. ఇదంతా ఉత్సాహంగా అమ్మకి చెప్పాను. ఆమె నవ్వి, "నాకెప్పుడూ ఆడమనిషే అనిపించేది. మగోడు సంతలో నిలబడి అరిస్తే వింటారు గదా. ఇక్కడ ఎవరూ వినట్లా" అంది.

మూడో అధ్యాయంలో, సొంత తెలివిని ఆధారం చేసుకోవద్దని వస్తుంది. నాకు చిన్నప్పటి నుంచీ గుచ్చుకునే మాట. ఆడపిల్లకి లోకమంతా చెప్పేదే అది, దేవుడు కూడా చెప్పాలా? అడిగాను. అమ్మ కాసేపు ఆలోచించింది. "నీ తెలివి మీద ఆనుకోవద్దన్నాడు. పక్కింటోళ్ళ తెలివి మీద ఆనుకోమన్లేదుగా" అంది. ఆ తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తను అన్న మాట తనకే తగిలిందేమోనని నేను తర్వాత అనుకున్నాను.

అక్టోబరులో ఒక సెమినార్ కోసం మూడ్రోజులు ఢిల్లీ వెళ్ళాను. గెస్ట్‌హౌస్ గదిలోంచి ఫోన్‌లో చదివి వినిపించాను. రెండో రోజు సిగ్నల్ లేదు. ఐదున్నరకి లేచి కూర్చున్నాను. వినే మనిషి లేదు. మూసేసి పడుకోవచ్చు. అయినా పైకి, గట్టిగా చదివాను. చదివాక ఆ గదిలో కాసేపు అలాగే కూర్చున్నాను. ఎవరో విన్నారని చెప్పను. కానీ ఎవరూ వినలేదన్న గట్టి నమ్మకం కూడా ఆరోజు నాకు లేదు. జనవరిలో పెట్టుకున్న షరతు ఎక్కడో జారిపోయింది.

అప్పుడే పండిత రమాబాయి గుర్తొచ్చింది. నా థీసిస్‌లో ఆమె మీద ఒక అధ్యాయం ఉంది. 1887లో ఇంగ్లీషులో ఆమె రాసిన అగ్రకుల హిందూ స్త్రీ పుస్తకం గురించి, వితంతువుల బడి గురించి నలభై పేజీలు రాశాను. అదే రమాబాయి హెబ్రీ, గ్రీకు నేర్చుకుని, కేడ్‌గావ్ ముక్తి సదనంలో ఏళ్ళ తరబడి కూర్చుని బైబిలు మొత్తాన్ని మామూలు ఆడవాళ్ళకి అర్థమయ్యే మరాఠీలోకి మార్చింది. 1921లో కూతురు మనోరమ చనిపోయింది. 1922 ఏప్రిల్‌లో తనూ చనిపోయింది. ఆ పని మాత్రం పూర్తి చేసే వెళ్ళింది. నా థీసిస్‌లో దీనికి దక్కింది ఒక్క ఫుట్‌నోట్. ఒక స్త్రీ తన జీవితంలో ఇన్నేళ్ళు, ఇంత మేధస్సు దేనిమీద పెట్టిందో అది నాకు ఇబ్బందిగా ఉందని పక్కన పెట్టేశాను. ఆమె విశ్వాసాన్ని వలస పాలన ప్రభావంగా చూపించడం తేలిక. అందులో కొంత నిజం ఉండొచ్చు. కానీ పాఠాన్ని మగపండితుల చేతుల్లోంచి తీసుకుని తనే అనువదించుకున్న మనిషిని ప్రభావితురాలు అని సరిపెట్టడం ఏ రకం స్త్రీవాదం?

డిసెంబరు మొదటి వారం. ఎఫెసీయులు ఐదు. వస్తుందని ఇద్దరికీ తెలుసు. నాలుగో అధ్యాయం అయ్యాక కాసేపు ఆగాను. అమ్మ "ఊఁ" అంది. చదువుతూ వెళ్ళాను. ఇరవై రెండో వచనానికి వచ్చి, భార్యల గురించి చదివి, ముందుకి వెళ్ళబోయాను.

"పైవచనం నుంచి చదువు" అంది.

ఇరవై ఒకటో వచనం. ఒకరికొకరు లోబడి ఉండమని అందరికీ చెప్పిన మాట అది. సంఘం మొత్తానికి. కొన్ని గ్రీకు పాత ప్రతుల్లో ఇరవై రెండో వచనానికి సొంతంగా క్రియే లేదు. పైవాక్యంలో క్రియనే అది అరువు తెచ్చుకుంటుంది. అసలీ నంబర్లు కూడా రాసినవాళ్ళవి కావు. కొత్త నిబంధనకి ఇప్పుడున్న వచన సంఖ్యలు 1551లో రాబర్ట్ ఎతియెన్ అనే ముద్రాపకుడు పెట్టినవి. పైవాక్యాన్ని తెంచేసి కింది ముక్క ఒక్కటే చేతిలో పట్టుకోవడానికి ఆ నంబర్లు వీలిచ్చాయి.

రెండు వచనాలూ కలిపి చదివాను. అమ్మ అడిగింది.

"ఆ రోజు అయ్యగారు ఇది చదివాడా?"

"లేదమ్మా."

"చదవలా. నాకు తెలుసు." కాసేపాగి, "అప్పుడూ తెలుసు. పైన ఏముందో నాకు కంఠతా వచ్చు. వాళ్ళ ముందు నోరు రాలా" అంది.

నేను ఏమీ అనలేకపోయాను. తెలియక అన్నదనుకుని ఎనిమిదేళ్ళు సర్దుకున్నాను. తెలిసీ ఊరుకుందని ఇప్పుడు వింటున్నాను. కోపం వచ్చింది. లేచి వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు కడిగాను. ఆరోజంతా ఇద్దరం అవసరానికి మించి మాట్లాడుకోలేదు. అమ్మ క్షమించమని అడగలేదు. నేనూ క్షమించానని చెప్పలేదు. రాత్రి నిద్రపట్టక పడుకుని, ఏడో తరగతి చదివిన హాస్టలు వంటమనిషి ముగ్గురు మగవాళ్ళ ముందు నిలబడి, మీరు వాక్యం సగమే చదివారని అనగలగడానికి ఏమేం కావాలో లెక్కేసుకున్నాను. ఆ లెక్క పెద్దదే. అయినా నాలుగు నెలలు దెబ్బలు తిన్నది నేను. రెండూ నిజమే.

మర్నాడు ఐదున్నరకి అమ్మ మంచం మీద లేచి కూర్చుని ఉంది. నేను వస్తానో రానో తెలీనట్టు చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉంది. వెళ్ళి ఎఫెసీయులు ఆరో అధ్యాయం తీశాను. తల్లిదండ్రుల గురించి మొదలయ్యే అధ్యాయం, చూడండి. ఇద్దరికీ కొంచెం నవ్వొచ్చింది.

జ్ఞానం దొరికిందా అంటే, ఇంతే దొరికింది. వచనం ఏరుకుని మన మీదికి విసిరేవాళ్ళకి జవాబు పుస్తకం మూసెయ్యడం ఒక్కటే కాదు. మొత్తం చదవడం కూడా. నేను మూసేసినందుకు సిగ్గుపడను. అప్పుడది అవసరం. మూసేసిన ఆడవాళ్ళెవరినీ తెరవమని చెప్పను కూడా. ఇక నమ్మకం సంగతి. నేను సంఘానికి ఇప్పటికీ వెళ్ళను. ఆ గిబియా గడప దగ్గర దేవుడెక్కడున్నాడో నాకు జవాబు లేదు. అమ్మకీ లేదు. జవాబు లేకుండా తెల్లారి మళ్ళీ ఆయన ముందుకే వెళ్ళి కూర్చోవడం ఆమె దగ్గర నేర్చుకున్నాను. ఇప్పుడు అమ్మ కోసమే చదువుతున్నానని ఎవరితోనూ అనడం లేదు.

ఇది నాలుగో ఏడు. జనవరిలో మళ్ళీ ఆదికాండం మొదలుపెట్టాం. అమ్మకిప్పుడు కిటికీ ఎటుందో వెలుతుర్ని బట్టి తెలుస్తుంది, అంతే. ఐదో రోజు హాగరు కథ అయ్యాక పేజీ తిప్పబోతుంటే చెయ్యి పట్టుకుంది.

"ఆమె దేవుడికి పెట్టిన పేరు ఇంకోసారి చదువమ్మా."

చదివాను.